ఈ వారం సమస్య (ఇది పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి): "తండ్రి యేడ్చెను బడిలోన తనయ నవ్వె"

చీపురుపుల్ల (నిర్వాహకుడు):
జూన్ 12న బడులు తెరిచారు కదా, మా అమ్మాయిని ఎల్కేజీలో దింపి వచ్చాను. వేసవంతా దానికి ధైర్యం నూరిపోశాం, "ఏడవకూడదమ్మా, మధ్యాహ్నం వచ్చేస్తాను" అని. అది ఏడవలేదు. ఆయమ్మ చెయ్యి పట్టుకుని చక్కా వెళ్ళిపోయింది. బండి తీద్దామని చూస్తే హ్యాండిల్‌కి దాని గులాబీరంగు రబ్బరుబ్యాండు వేలాడుతోంది. గబగబా హెల్మెట్ పెట్టేసుకున్నాను, లోపల ఏమవుతోందో ఎవరికీ కనబడదు. సమస్య అక్కడే పుట్టింది. ఫీజుల మీద పూరణలు వద్దని ముందే మనవి.

తాటిముంజె:
వేలు విడిచి, వెనుకచూపు వేయకుండ
గేటు దాటిన పాపాయి కేరుచుండ
చేతిలో డబ్బ మిగులగ చిన్నబోయి
తండ్రి యేడ్చెను బడిలోన తనయ నవ్వె

టిఫిన్ డబ్బా ఇవ్వడం మరిచిపోయాడన్నమాట.

కందిపచ్చడి:
డబ్బా బాగుంది. కానీ తండ్రి గేటు బయట డబ్బాతో నిలబడ్డాడు కదా, మరి బడిలోన ఏడ్చిందెవరు మహాప్రభో?

తాటిముంజె:
"తండ్రి యేడ్చెను" దగ్గర ఒక్క క్షణం ఆగండి. "బడిలోన తనయ నవ్వె" అని చదవండి. గేటుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి. విరుపు తెలియనివారికి నేనేం చెప్పను?

కందిపచ్చడి:
సరే, విరిచాం. ఇదిగో నాది. ఫీజు మీదే, నిర్వాహకులు క్షమించాలి, కట్టినవాడికే తెలుస్తుంది బాధ.

లక్ష యెల్కేజీ ఫీజని లాఘవముగ
చీటి చూపింప నాఫీసు చివరి గదిని
జేబు తడుముచు నప్పుల చింతలోన
తండ్రి యేడ్చెను బడిలోన తనయ నవ్వె

తాటిముంజె:
"యెల్కేజీ" మగణం, మూడూ గురువులే, అంటే బరువైన అక్షరాలే; ఈ పద్యంలో చెల్లదు! లక్ష కట్టి గణం పోగొట్టుకున్నారు. "జి" హ్రస్వం చేస్తే సరిపోయేది.

కందిపచ్చడి:
మా ఊళ్ళో ఎవరూ ఎల్కేజి అనరండీ. హ్రస్వం చేస్తే బండి కింద జానెడు గొయ్యి వచ్చినట్టుంది చదువుతుంటే.

తాటిముంజె:
ఈయన వాదన కొత్తది కాదు. పోయిన వేసవిలో "ఆవకాయ"కీ "ఊరగాయ"కీ యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) వేసి, ఇదేమిటంటే రెండూ ఒకే జాడీలో ఉంటాయి కాబట్టి మైత్రి ఉన్నట్టే అన్నాడు. మరిచిపోయారేమో మీరంతా, నేను మరవలేదు.

కందిపచ్చడి:
అప్పుడు మెచ్చుకుంటూ మూడు చప్పట్లు పెట్టింది ఎవరో కూడా గుర్తుచేసుకోండి.

మొద్దుపెన్సిల్:
జాడీ మూతపెట్టండి బాబూ. ఎల్కేజీతో తంటా ఎందుకు, "కిండరుగార్టెను" అనేస్తే రెండు భగణాలు (ఒక గురువు, రెండు లఘువులు, అంటే తేలిక అక్షరాలు) ఒళ్ళో వచ్చి పడతాయి. ఆ పేరు పెట్టినది జర్మనీలో ఫ్రోబెల్, 1840లో. పిల్లల తోట అని అర్థం. ఆయనకి మన గణాల సంగతి ఎవరు చెప్పారో!

ఇక నా పూరణ. మా చిట్టి యూకేజీ వార్షికోత్సవంలో కళ్ళారా చూసింది.

జనకు వేషాన నున్నట్టి చంటివాడు
మీస మూడగ వేదిక మీద నిలిచి,
సీత వేషంపు మాచిట్టి చెంత నుండ
తండ్రి యేడ్చెను బడిలోన తనయ నవ్వె

చీపురుపుల్ల (నిర్వాహకుడు):
అబ్బ! తండ్రికే నాలుగేళ్ళు. ఇదీ మెలిక అంటే. నేను హెల్మెట్‌లో ఏడ్చింది మరిచిపోయి నవ్వాను.

తాటిముంజె:
మెలిక ఒప్పుకుంటాను. మీసం ఊడితే సభలో నవ్వనివాడుండడు కదా, తనయ ఒక్కతే నవ్విందనడం ఎందుకో. "సీ"కి "చెం" యతి చెల్లుతుందనుకోండి, చెవికి మాత్రం అంత ఇంపుగా లేదు.

మొద్దుపెన్సిల్:
చెల్లుతుందని మీరే అన్నారు, ఇంపు మీ చెవి సమస్య.

పెరటిజామ:
ఫీజు పూరణ చూసి నవ్వుకున్నాను. నేను అంగన్‌వాడీ టీచర్ని. 1975లో మొదలైన పథకం మాది. ఇక్కడ ఫీజు లేదు, మధ్యాహ్నం గుడ్డు కూడా పెడతాం. అందుకని ఏడ్చే తండ్రులు లేరనుకోకండి. కిందటేడు ఒక తాపీమేస్త్రి, చేతులకి సిమెంటు ఇంకా ఆరకుండానే, కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆ పిల్ల పలక ఎత్తి చూపించింది. అక్షరం తప్పని నేను చెప్పబోతే "ఉండనీండి మేడమ్" అన్నాడు. పలక తుడవనివ్వలేదు, అలాగే చంకలో పెట్టుకుని పోయాడు.

పలక మీదను తొలిసారి బలపమూని
నాన్న యనుటకు బదులుగ నాన యంచు
ఒత్తు మఱచిన వ్రాతను నొసగి నిలువ
తండ్రి యేడ్చెను బడిలోన తనయ నవ్వె

కందిపచ్చడి:
"నాన్న" అన్నా హగణమే (గురువు, లఘువు), "నాన" అన్నా హగణమే. ఒత్తు పోయింది కానీ గణం పోలేదు! టీచరుగారూ, ఇది తెలిసి చేశారా, అదే అలా కుదిరిందా?

పెరటిజామ:
పిల్ల రాసింది అలాగేనండి. నేను కలిపిందేమీ లేదు.

తాటిముంజె:
"మఱచిన వ్రాతను" దగ్గర వ్రా ముందున్న "న" గురువో లఘువో అని ఒకటి అడుగుదామనుకుని ఊరుకున్నాను.

కందిపచ్చడి:
ఊరుకున్నానని ఇక్కడ రాస్తే అడిగినట్టే.

చీపురుపుల్ల (నిర్వాహకుడు):
ఆ "న" లఘువే, వదిలేయండి. ఈ వారం పైచేయి పెరటిజామ గారిదే. నేను వెళ్ళాలి, పన్నెండున్నరకి గేటు తీస్తారు. వచ్చేవారం కంద పద్యం. ఆవకాయ, ఊరగాయ రెండూ నిషిద్ధం.