అప్‌డేట్: వాల్‌పేపర్ మొత్తం ఊడింది, కింది పెయింట్ దగ్గర ఆగాం

బెడ్‌రూమ్‌లో పాత వాల్‌పేపర్ ఎంత తడిపినా ఊడడం లేదు, దాని మీదే పెయింట్ వేసేయొచ్చా అని పోయిన నెల అడిగాను. వద్దని ఆపిన అందరికీ చాలా థ్యాంక్స్.

పైనున్న వినైల్ పొర నీళ్లను లోపలికి పోనివ్వదట. అది తెలియక రెండు రోజులు ఊరికే తడిపాను. ఈసారి ముందు ఆ పొరను మూల దగ్గర గోటితో లేపి, పొడిగానే లాగేశాను. మిగిలిన కాగితానికి గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లు స్పాంజితో పట్టించి 15 నిమిషాలు ఆగాను. కాగితం ముదురు రంగుకు తిరిగి, స్క్రేపర్ పెట్టగానే అరచేతి వెడల్పు ముక్కలుగా జారింది. ఎంత సంతోషమేసిందో! స్విచ్‌బోర్డుల దగ్గర తడిపే ముందు మెయిన్ ఆపడం మాత్రం మర్చిపోకండి.

గోడ శుభ్రంగానే కనిపించింది కానీ, తడివేలితో రుద్దితే జారుడుగా తగిలింది. అదంతా పాత జిగురే. అది ఉండగా పెయింట్ వేస్తే పగుళ్లిస్తుంది కాబట్టి మరో రెండుసార్లు కడిగాను.

అసలు టెన్షన్ కింది పెయింట్‌తో. ఇల్లు బాగా పాతది, మా పాప ఇంకా పాకుతోంది. అందుకే ఒక పెచ్చు ల్యాబ్‌కు పంపాం. సీసం ఉందని వచ్చింది. ఇక సాండ్‌పేపర్ ముట్టుకోలేదు, ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. పాపను అమ్మావాళ్ల దగ్గర ఉంచి, గది మూసేశాం. సీసం పెయింట్ పనిలో శిక్షణ ఉన్నవాళ్లు వచ్చే వారం వస్తున్నారు. పుట్టీ, ప్రైమర్ ఆ తర్వాతే.