ఎక్కువ ఓట్లు వచ్చినా గవర్నర్ పదవి పోయిందా? (వెర్మాంట్, 1789)

ప్రశ్న:
అమెరికా తొలినాళ్ల గురించి చదువుతూ ఒక దగ్గర ఆగిపోయాను. 1789లో వెర్మాంట్ (ఇప్పుడు అమెరికాలో ఒక రాష్ట్రం) గవర్నర్ ఎన్నికలో థామస్ చిట్టెండెన్‌కు 1,263 ఓట్లు, మోజెస్ రాబిన్సన్‌కు 746. కానీ గవర్నర్ అయింది రాబిన్సన్! 1778 నుంచి వరసగా గెలుస్తున్న మనిషికి ఈసారీ జనం ఎక్కువ ఓట్లే వేస్తే, అసెంబ్లీ ఎలా పక్కన పెట్టింది? నాకైతే అన్యాయంగా అనిపిస్తోంది.

జవాబు 1:
అక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివాడు కాదండీ, ముఖ్యమంత్రిలా పాలన నడిపేవాడు, అప్పట్లో ఏటా ఎన్నిక ఉండేది. పోలైన ఓట్లలో సగానికి మించి వస్తేనే గెలిచినట్టు. మిగతా ఓట్లు రాబిన్సన్‌కు, శామ్యూల్ సాఫర్డ్‌కు, ఇంకొందరికి చీలిపోవడంతో చిట్టెండెన్ సగం దాటలేదు, దాంతో నిర్ణయం అసెంబ్లీ చేతికి వెళ్లింది. అసలు గొడవ వుడ్‌బ్రిడ్జ్ భూమిది. ఆ టౌన్‌షిప్‌ను, అంటే ఒక ఊరంత భూమిని, సభకు చెప్పకుండా ప్రభుత్వ ముద్ర వేసి ఐరా అలెన్ అనే నాయకుడికి రాసిచ్చారని చిట్టెండెన్ మీద ఆరోపణ. భూమే సర్వస్వమైన చోట అది చిన్న విషయం కాదు, కాబట్టి సభ్యుల కోపం నాకు అర్థమవుతుంది. పైగా మరుసటి ఏడాదే జనం ఆయన్ని మళ్లీ గెలిపించారు, 1797లో చనిపోయేదాకా ఆయనే గవర్నర్.

జవాబు 2:
చిట్టెండెన్ కొడుకు కథ కూడా చూడండి. 1813లో మార్టిన్ చిట్టెండెన్‌కు 16,532 ఓట్లు, జోనస్ గలూషాకు 16,828. ఇంకొందరికీ కొన్ని ఓట్లు పోవడంతో ఇద్దరిలో ఎవరూ సగం దాటలేదు. సభలో 112–111తో, అంటే ఒక్క ఓటు తేడాతో మార్టిన్ గెలిచాడు. తండ్రి మొదటి స్థానంలో ఉండి పోగొట్టుకున్నది, కొడుక్కి రెండో స్థానంలో ఉండి దక్కింది! బ్రిటన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులవి, ఈయన యుద్ధానికి వ్యతిరేకి. ఆ నవంబర్‌లోనే న్యూయార్క్‌లోని ప్లాట్స్‌బర్గ్‌లో ఉన్న వెర్మాంట్ మిలీషియాను (స్థానిక పౌరుల సైనిక దళాన్ని) వెనక్కి రమ్మంటే ఆ దళం అధికారులు రామన్నారు. ఆ ఒక్క ఓటు ఎంత దూరం పోయిందో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండీ, 1789 విషయంలో కొంచెం మెత్తబడ్డాను. 1813 మాత్రం మింగుడు పడట్లేదు. మొదటి ఇద్దరి మధ్య జనంతోనే ఇంకోసారి ఓటు వేయిస్తే సరిపోయేది కదా?

జవాబు 3:
నాదీ అదే మాట. కానీ ఎవరికీ సగం రాకపోతే సభే ఎన్నుకునే ఆ రూల్ ఇప్పటికీ ఉంది. 2014లో అప్పటి గవర్నర్ పీటర్ షమ్లిన్‌కూ సగం రాలేదు, 2015 జనవరిలో సభ 110–69తో ఆయన్నే ఎన్నుకుంది. ఆయనకు ముందే ఎక్కువ ఓట్లు ఉన్నాయి కాబట్టి పెద్ద గొడవ లేకుండా అయిపోయింది.