ఆడిబుల్, పాల్పబుల్, టాంజిబుల్: కేస్ షీట్‌లో ఏది ఎప్పుడు రాయాలి?

కడప నర్సింగ్ పిల్ల:
ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు కడపలో నర్సింగ్ చదువుతున్నా. వార్డులో పని పర్వాలేదు గానీ, నోట్స్ రాయాలంటేనే టెన్షన్. నిన్న ఆయాసంతో ఒక పెద్దాయన వచ్చాడు. మంచం దగ్గరికి పోకముందే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. నేను 'వీజ్' అని రాస్తే, సిస్టర్ దాని ముందు 'ఆడిబుల్' అని చేర్చి ఇంకో బెడ్డు దగ్గరికి వెళ్లిపోయింది. వీజ్ అంటేనే శబ్దం కదా, మళ్లీ ఆడిబుల్ ఎందుకు? పాల్పబుల్, టాంజిబుల్ రెండూ తాకితే తెలిసేవేనట. మరి లివర్‌కు ఏది రాయాలి? వాసనకు ఇట్లాంటి మాట ఏమన్నా ఉందా?

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, అనంతపురం:
మీ సిస్టర్ ఊరికే చేర్చలేదు పాపా. వీజ్ విషయంలో ఆడిబుల్ అంటే స్టెతస్కోప్ లేకుండానే వినపడుతోందని. స్టెత్ పెడితేనే తెలిసేదైతే 'ఆన్ ఆస్కల్టేషన్' అని రాస్తాం. నైట్ డ్యూటీ డాక్టరు ఆ ఒక్క మాట చూసి ఎవరి దగ్గరికి ముందు పోవాలో తేల్చుకుంటాడు. ఇంకొకటి: ఆయాసం బాగా ముదిరి లోపల గాలే ఆడకపోతే కూత కూడా ఆగిపోతుంది. దాన్ని సైలెంట్ చెస్ట్ అంటారు. కూత లేదు కదా, తగ్గిందిలే అనుకున్నామా, ప్రాణం మీదికొస్తుంది.

పాల్పబుల్ అంటే వేళ్లతో చూస్తే చేతికి తగిలేది. లివర్, స్ప్లీన్, గడ్డ, నాడి, అన్నిటికీ అదే. డయాలసిస్ వార్డులో డ్యూటీ పడినప్పుడు గమనించు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేసిన చోట వేళ్లు ఆనిస్తే, వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ లాగా జుమ్మంటుంది. అది థ్రిల్. అక్కడే స్టెత్ పెడితే హోరుమని వినిపించేది బ్రూయి. పారే రక్తం ఒకటే, వేలికి తెలిస్తే ఒక పేరు, చెవికి తెలిస్తే ఒక పేరు. రెండూ లేకపోతే ఫిస్టులా మూసుకుపోయిందేమో, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. బీపీ కూడా అంతే. నాడి పట్టుకుని చూస్తే పై అంకె ఒక్కటే దొరుకుతుంది. కింది అంకె కావాలంటే స్టెత్ పెట్టి వినాల్సిందే. ఆ శబ్దాల సంగతి 1905లో కొరొట్‌కాఫ్ అనే రష్యన్ డాక్టరు చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరే.

వాసనకు వాడుకలో అట్లాంటి మాట లేదు. ఏ వాసనో అదే రాయి. పుండుకైతే 'ఫౌల్ స్మెల్లింగ్'. షుగర్ బాగా పెరిగి, రక్తంలో ఆమ్లాలు చేరే కీటోఅసిడోసిస్‌లో వచ్చినవాళ్ల ఊపిరి పండ్ల వాసన కొడుతుంది, దానికి 'ఫ్రూటీ ఓడర్'.

ఇంగ్లీష్ లెక్చరర్, కర్నూలు:
టాంజిబుల్‌ను ఆస్పత్రిలోకి రానీయొద్దమ్మా, అది అకౌంట్స్ వాళ్ల సొత్తు. బిల్డింగులు, మిషన్లు టాంజిబుల్ అసెట్స్. గుడ్‌విల్, పేటెంట్లు ఇన్‌టాంజిబుల్. స్పెల్లింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త: ఆడిబుల్, విజిబుల్, టాంజిబుల్ చివర ఐ-బి-ఎల్-ఇ, పాల్పబుల్‌కు ఏ-బి-ఎల్-ఇ. వాటి వెనక ఉన్న లాటిన్ క్రియలు వేరే తరగతులవి, అందుకని ఆ తేడా. డాక్టర్ల చేతిరాతకు వాడే ఇల్లెజిబుల్ (చదవడానికి రానిది) కూడా ఐ గుంపులోదే, అది నీకు రోజూ పనికొస్తుంది.

తాడిపత్రి బండల పాలిష్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మేమూ బండను తట్టే తీసుకుంటాం. ఖంగుమంటే మంచి సరుకు, మొద్దుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టు. డాక్టర్లు వీపు మీద వేళ్లతో తట్టేది కూడా ఇందుకేనా?

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, అనంతపురం:
అదే అన్నా. దాన్ని పర్కషన్ అంటారు. ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా డాక్టరు 1761లో దాని మీద పుస్తకం వేశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడట. పీపాలను తట్టి లోపల సరుకు ఎంతుందో చూసే అలవాటు కొడుక్కి అక్కడే అబ్బిందని చెబుతారు. ఊపిరితిత్తిలో గాలి ఉన్న చోట 'రెజొనెంట్', చుట్టూ నీరు చేరితే 'డల్'. పాపా, ఆ డల్ ఎక్కడన్నది కూడా తప్పకుండా రాయి. ఉత్త 'పేషెంట్ డల్' అని రాస్తే మనిషి మగతగా ఉన్నాడనుకుని పరిగెత్తుకొస్తారు.