నది ఒడ్డున నాటిన విల్లో చెట్టు కొమ్మలు ఆగస్టుకల్లా ఎండిపోతున్నాయి, ఏం చేయాలి?

అమెరికాలోని ఐడహోలో, బోయిసీ నది పక్కన పాత పశువుల మేత భూమి ఇది, ఓ వైపు కొత్త ఇళ్లు కూడా వచ్చేశాయి. 1955లో నది ఎగువన లక్కీ పీక్ డ్యామ్ పూర్తయ్యాక వసంతకాలపు వరదలు తగ్గి, కాటన్‌వుడ్ చెట్లు వాటంతటవే మొలవడం బాగా తగ్గింది. అందుకే వాలంటీర్లం కలిసి విల్లో కొమ్మలు నాటుతున్నాం.

మార్చిలో, చిగురు రాకముందే, బొటనవేలంత లావు కొమ్మలు కోసి, వారం నీళ్లలో నానబెట్టి రెండడుగుల లోతున పాతాం. ఆవులు రాకుండా ఫెన్సింగ్ వేశాం, జింకలు కొరక్కుండా వైరు మెష్ చుట్టాం. మేలో చక్కగా చిగురిస్తాయి, చూస్తే ప్రాణం లేచొస్తుంది. జూలైలో నది తగ్గగానే ఆకులు కొసల నుంచి పసుపుపచ్చగా మారి, ఆగస్టుకి కొమ్మ పుటుక్కున విరిగేలా ఎండిపోతుంది. పీకి చూస్తే పైన జానెడు మేరే వేర్లున్నాయి, కింద తేమే లేదు. బకెట్లతో నీళ్లు పోశాం, మొదళ్ల చుట్టూ గడ్డి కప్పాం, లాభం లేదు. ఇంకా లోతుకి దింపుదామంటే కింద అంతా గుండ్రాళ్లే, గడ్డపార దిగట్లేదు, పెద్ద మెషీన్లకి పర్మిషన్ లేదు.

ఇలాంటి రాళ్ల నేలలో వేసవిలో నేల కింద నీళ్లుండే మట్టం దాకా, అంటే నాలుగైదు అడుగులు, పెద్ద మెషీన్లు లేకుండా కొమ్మలు దింపినవాళ్లుంటే, ఎలా దింపారో చెప్తారా?