నేల ఉసిరి కట్టల్లో ఏ మొక్కలున్నాయో డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌తో తేలుతుందా?

విజయనగరం_అమ్మాయి:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గంటస్తంభం వైపు మూలికల కొట్లలో ఎండు నేల ఉసిరి కట్టలు కొన్నాను. అన్నీ ఫిల్లాంథస్ అమారస్ (నేల ఉసిరి శాస్త్రీయ నామం) అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ముట్టుకుంటే ఆకులు రాలిపోతున్నాయి, పువ్వులైతే లేనేలేవు. బార్‌కోడింగ్‌కి, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్క వరుస చదివి జాతిని గుర్తుపట్టడానికి, ఆర్‌బీసీఎల్ అనే జన్యువు ఒక్కటి చేయిస్తే చాలంటున్నారు సీనియర్లు, నిజమేనా? సీక్వెన్సింగ్ బయటికి పంపాలి, డబ్బులు తక్కువ.

ల్యాబ్_మాస్టారు:
చాలదమ్మా. ఆర్‌బీసీఎల్ పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకి బోలెడు ప్రతులు తీసే పద్ధతి) తేలిగ్గానే వస్తుంది, ప్రజాతి (జీనస్) దాకా చెప్తుంది, దగ్గరి జాతులొస్తే చేతులెత్తేస్తుంది. 2009లో సీబీఓఎల్ అనే అంతర్జాతీయ బార్‌కోడింగ్ సంస్థ మొక్కల బృందం దానికి మ్యాట్‌కే అనే ఇంకో జన్యువు జత చేయమంది, ఆ రెండూ కలిసినా వాళ్ళు చూసిన జాతుల్లో 72 శాతమే విడిపోయాయి. జంతువులకి సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువుతో చాలావరకు పనైపోతుంది, మొక్కల్లో ఆ జన్యువులు మరీ నెమ్మదిగా మారతాయి కాబట్టి మనకా సుఖం లేదు. ఐటీఎస్2 గానీ టీఆర్‌ఎన్‌హెచ్-పీఎస్‌బీఏ గానీ, ఇంకో డీఎన్‌ఏ ముక్క కలుపు.
కట్టంతా కలిపి పొడి మాత్రం కొట్టకు. రెండు జాతులుంటే శాంగర్ సీక్వెన్సింగ్ గ్రాఫులో గీతలు ఒకదాని మీదొకటి పడి ఏమీ చదవలేవు. ఒక్కో మొక్కకి ఒక్కో ట్యూబు. డీఎన్‌ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పీవీపీ అనే పొడి వెయ్యి, లేకపోతే ఆకుల్లోని పాలీఫినాల్స్‌తో డీఎన్‌ఏ గోధుమ రంగుకి తిరిగి పీసీఆర్ మొరాయిస్తుంది.

సాలూరు_ఆకులు:
జీన్ల గొడవ తర్వాత, ముందు లెన్సు తీయండి. రెమ్మ తిరగేస్తే కింద చిన్న కాయలుంటాయి. నున్నగా, సన్నటి కాడతో ఉంటే అమారస్ కావచ్చు. బొడిపెలతో గరుగ్గా, కాడ లేనట్టే రెమ్మకి అంటుకుని ఉంటే ఫిల్లాంథస్ యూరినేరియా, అదే ప్రజాతిలో ఇంకో జాతి. చేల గట్ల మీద పచ్చివి దొరుకుతాయి కదా, పువ్వూ కాయా ఉన్నవి హెర్బేరియం షీటు (నొక్కి ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనా) చేసి వాటి సీక్వెన్సు కూడా తీయించండి. జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్సుల డేటాబేస్‌లో పేరు తప్పు పడ్డవీ ఉంటాయి, దాంతో పోల్చి చూసే బ్లాస్ట్‌లో వంద శాతం వచ్చిందని రాసేస్తే వైవాలో దొరికిపోతారు.

మామిడితోట_బొబ్బిలి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నర్సరీలో సువర్ణరేఖ అని ఇచ్చిన అంట్లు నిజంగా అవేనా అని ఇలాగే చూడొచ్చా?

ల్యాబ్_మాస్టారు:
కుదరదండీ. సువర్ణరేఖైనా బంగినపల్లైనా మాంజిఫెరా ఇండికానే, బార్‌కోడ్ జాతిని చెప్తుంది గానీ రకాన్ని కాదు. దానికి ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లని, డీఎన్‌ఏలో వరసగా మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కల్ని చూసే వేరే పద్ధతి ఉంది.

విజయనగరం_అమ్మాయి:
ఇప్పుడే ఒక కట్ట విప్పాను, బొడిపె కాయలవి కొన్ని నిజంగానే కలిసున్నాయి! విడిగా కవర్లో వేశాను. తేమ పీల్చే సిలికా జెల్ వీటికీ వెయ్యాలా మాస్టారూ?

ల్యాబ్_మాస్టారు:
అవి ఎలాగూ ఎండినవే, చెమ్మ తగలకుండా చూసుకో చాలు. గట్ల మీద కోసే పచ్చి ఆకుల్ని మాత్రం కోసిన వెంటనే సిలికా జెల్‌లో వెయ్యి. కవరు మీద నంబరు పెన్సిల్‌తో రాయి, ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా పోతుంది.