అప్‌డేట్: లోన్‌లో ఉన్న ఇంటికి బ్యాంకు లెటర్ లేకుండా అడ్వాన్స్ ఇవ్వచ్చా అని అడిగింది నేనే

మొత్తానికి అయిపోయింది, సలహా చెప్పిన అందరికీ థ్యాంక్స్. తిరుపతి ఎమ్మార్‌పల్లిలో ఇల్లు, ఓనరు బాకీ 41 లక్షలు, మా బేరం 36, బ్యాంకు తగ్గించుకుంటాది మేనేజరు సరే అన్నాడు 5 లక్షలు ఇచ్చేయన్నా అని బ్రోకరు ఒకటే పోరు. కాగితం చేతికొచ్చేదాకా రూపాయి తీయొద్దు అని మీరు చెప్పిన మాటే కాపాడింది. లాయరు బ్రాంచికి పోయి అడిగితే ఓటీఎస్ (బాకీ తగ్గించి ఒకేసారి కట్టించుకునే సెటిల్‌మెంట్) అప్లికేషన్ పైకి పోయిందే గానీ సాంక్షనే కాలేదంట! ఏడు వారాలకి లెటర్ వచ్చింది, ఎంత కట్టాల, గడువు ఎప్పుడు, కట్టినాక ఒరిజినల్ డాక్యుమెంట్లు వాపసిస్తాం అని అన్నీ రాసుండాది, కానీ 36 కాదు 37న్నర, ఆ తేడా ఓనరే పెట్టుకున్నాడు. ముందు అగ్రిమెంట్ రాసుకుని, డీడీ నేరుగా లోన్ అకౌంటుకే కట్టినాం. ఈసీలో (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) మార్ట్‌గేజ్ రిలీజ్, అంటే తాకట్టు తీసేసినట్టు, కనపడినాకే రిజిస్ట్రేషన్. నేను తెగ భయపడిన సిబిల్ (లోన్ల రికార్డు, స్కోరు) గొడవ ఓనరుది, మనకేం సంబంధం లేదు.