అప్‌డేట్: మోటర్‌హోమ్ వెనక జీప్, మరి సైకిళ్లు ఎక్కడ?

అందరికీ థాంక్స్ అండీ. మోటర్‌హోమ్ (లోపలే ఉండి పడుకునే ఇల్లులాంటి పెద్ద బండి) వెనక జీప్ రాంగ్లర్ లాగుతూ నాలుగు సైకిళ్లు ఎలా తీసుకెళ్లాలి అని పోయిన నెల అడిగాను కదా, డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చేశాం.

ముందు నేననుకున్నది మోటర్‌హోమ్‌కీ జీప్‌కీ మధ్యలో సైకిళ్ల ర్యాక్ పెడదామని. మీరు వద్దన్నారు, ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి చూస్తే నిజమే, హ్యాండిల్ బార్ దాదాపు జీప్ బానెట్‌కి తగిలేలా వచ్చింది. పైగా డబుల్ రిసీవర్ (మోటర్‌హోమ్ వెనక జీప్, ర్యాక్ రెండూ తగిలించే జాయింట్) పెడితే లాగే కెపాసిటీ కూడా తగ్గుతుందట. అందుకే జీప్ వెనక ఉండే హిచ్‌కే (బండికి ఏదైనా తగిలించే జాయింట్) ర్యాక్ బిగించాం, కానీ ఇలా వెనక లాక్కెళ్లే జీప్ లాంటి బండి మీద వాడొచ్చో లేదో మాన్యువల్‌లో చూసి మరీ కొన్నా, చాలా ర్యాకులకి ఆ పర్మిషన్ ఉండదు, ఇది మాత్రం తప్పకుండా చూసుకోండి. సైకిళ్లు అడ్డొచ్చి జీప్ లైట్లు, నంబర్ ప్లేట్ కనపడలేదు, ర్యాక్‌కే లైట్ బార్ పెట్టి ప్లేట్ కూడా అక్కడికే మార్చాం.

ఒక్కసారి భయమేసింది. న్యూ మెక్సికోలో గాలికి మా పాప సైకిల్ స్ట్రాప్ లూజైంది, టీ కోసం ఆగాం కాబట్టి చూశాం. అప్పట్నుంచి ఆగిన ప్రతిసారీ స్ట్రాపులు లాగి చూడ్డమే. జీప్ తగిలించి ఉండగా రివర్స్ చేయలేం కాబట్టి పెట్రోల్ బంకులు కూడా చూసి ఎంచుకున్నాం.

సౌత్ రిమ్‌లో లోయ అంచున వెళ్లే హెర్మిట్ రోడ్‌లో మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లు రానివ్వరు, సైకిళ్లకి ఓకే. పిల్లలు లోయ పక్కనే తొక్కుతుంటే ఇంత శ్రమా పడినందుకు చాలా సంతోషమేసింది.